ఎవరి జారుడుబండ?

2024 జనవరిలో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళాను. ఒక ఆదివారం తను నన్ను ఊరి బయట ఉన్న చిన్న కొండ దగ్గరికి తీసుకెళ్ళింది. మాసచూసెట్స్ రాష్ట్రంలో ఒక మాదిరి ఊరు అది. కొండ అన్నానే గానీ మా వైపయితే దాన్ని గుట్ట అనే అంటాం. నిండా మంచు కప్పుకుని ఉంది. పై నుంచి కింది దాకా చెట్లు లేని వెడల్పాటి బాట, ఆ పక్కనే తుప్పు పట్టిన ఇనప స్తంభాలు రెండు. ఒకప్పుడు అది స్కీ కొండట. ఊళ్ళో పిల్లలు బడి వదలగానే అక్కడికే వచ్చేవాళ్ళట. మూతపడి నలభై ఏళ్ళు దాటిందట. ఇప్పుడు టికెట్ అడిగేవాళ్ళు లేరు. పిల్లలు ప్లాస్టిక్ పళ్ళేల్లాంటి వాటి మీద కూర్చుని కేకలు పెడుతూ జారుతున్నారు.

మనవలతో వచ్చిన ఒక పెద్దావిడ మాతో మాట కలిపింది. పైకి ఎక్కడానికి అక్కడ ఒక తాడు తిరుగుతూ ఉండేదట. దాన్ని పట్టుకుంటే లాక్కుపోయేది, చేతి తొడుగులు ఒక్క చలికాలంలోనే అరిగిపోయేవి. "మా అన్నలకి కొత్త స్కీలు, నాకు వాళ్ళు వాడి వదిలేసినవి" అంటూ నవ్వింది. ఆ తర్వాత ఈ కొండల గురించి కొంత చదివాను. అమెరికాలో ఇలాంటి మొదటి తాడు 1934లో వెర్మాంట్ రాష్ట్రం వుడ్‌స్టాక్‌లో, ఒక రైతు పచ్చికబయలు మీద తిరిగిందట. పాత ఫోర్డ్ కారు ఇంజనుతో దాన్ని తిప్పారు. ఆ తర్వాత ఊరికొక కొండ చొప్పున వచ్చాయి. పెద్ద రోడ్లు పడి, దూరాన పెద్ద పెద్ద రిసార్టులు లేచి, బీమా ఖర్చులు పెరిగి, మంచు సరిగా పడని శీతాకాలాలు వచ్చి చిన్నవన్నీ ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. న్యూ ఇంగ్లాండ్‌లో అలా పోయిన కొండల జాబితా రాసే పని 1998లో మొదలైంది. ఆ జాబితా అయిదు వందలు దాటింది. ఒక్కో కొండకి ఒక పుట, ఎవరో ఒకరి జ్ఞాపకాలు, పాత ఫోటోలు.

మా అమ్మాయి ప్లాస్టిక్ బండి తెచ్చి "కూర్చో అమ్మా" అంది. కూర్చోబోయే ముందు నేను చేసిన మొదటి పని చుట్టూ చూడటం. ఎవరన్నా చూస్తున్నారా అని. ఆ దేశంలో మా అమ్మాయి తప్ప నన్నెరిగిన మనిషి లేదు. నాకు 58 ఏళ్ళు. అయినా చూశాను. కూర్చున్నాక రెండు కాళ్ళూ చెరో పక్క మంచులో ఆనించి, పై నుంచి కింది దాకా బ్రేకు వేసుకుంటూనే వచ్చాను. "ఇది జారడం కాదమ్మా, దిగడం" అంది మా అమ్మాయి.

ఆ మాట దగ్గర మొదలైన ఆలోచన నన్ను ఇంకా వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఊరు రుద్రారం. హైదరాబాదు నుంచి ముంబై వెళ్ళే జాతీయ రహదారి మీద పటాన్‌చెరు దాటాక వస్తుంది. నా చిన్నప్పుడు అది 9వ నంబరు రోడ్డు, ఇప్పుడు 65. అప్పుడు మాది మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి. ఇప్పుడు మా ఊరి పేరు చెప్తే గణేష్ గడ్డ గుడి అనో, 2009లో వచ్చిన గీతం విశ్వవిద్యాలయం అనో, ఫ్యాక్టరీలనో గుర్తుపడతారు. మా ఊరి శివారులో ఉండిన గుట్టని మాత్రం గుర్తుపట్టేవాళ్ళు లేరు. అది లేదు కాబట్టి.

దక్కన్ గుట్టల సంగతి మీకు తెలిసిందే. 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి. ఎండకీ వానకీ పొరలు పొరలుగా, ఉల్లిగడ్డ పొట్టు విడిచినట్టు విడుస్తుంది. అలా పొర ఊడినచోట కింది రాయి నున్నగా, వాలుగా తేలుతుంది. ఆ వాలు మీద పిల్లలు జారతారు. జారినకొద్దీ మరింత నునుపు తేలుతుంది. మా జారుడుబండ మీద నడుమ ఒక దారి అద్దంలా మెరిసేది. ఎన్ని తరాల పిల్లల పిర్రలు ఒరుసుకుంటే రాయికి ఆ మెరుపు వచ్చిందో!

కింద తాటి మట్ట వేసుకుని జారేవాళ్ళం. మట్ట దొరక్కపోతే చినిగిన గోనె సంచి, అదీ లేకపోతే తంగేడు కొమ్మ. ఒకరి నడుము ఒకరు పట్టుకుని నలుగురం అయిదుగురం రైలు కట్టేవాళ్ళం. సగం దూరంలో బండ కొంచెం ఉబ్బి ఉండేది. దాన్ని బొడిపె అనేవాళ్ళం. అక్కడికొచ్చేసరికి ఒక్క క్షణం ఒళ్ళు రాయిని విడిచి గాల్లో ఉండేది. కడుపులో ఏదో ఖాళీ అయినట్టుండేది. ఆ ఒక్క క్షణం కోసమే మళ్ళీ మళ్ళీ ఎక్కేవాళ్ళం. తొడలు గీరుకుపోయేవి. లంగా వెనక చిరిగేది. చిరిగిన చోటు దాచుకుంటూ గోడవారగా ఇంటికి చేరేదాన్ని.

అక్కడ నాకొక నేస్తం ఉండేది. వడ్డెర వాడ పిల్ల. వాళ్ళ అమ్మానాన్నలు దూరపు బండల మీద రాయి కొట్టేవాళ్ళు. పొద్దున్నే వాళ్ళకి సద్ది ఇచ్చొచ్చే దారిలో నాలుగు జారుళ్ళు జారిపోయేది. కాళ్ళు పైకెత్తి, చేతులు గాలికి వదిలేసి జారేది. నాకు దారి చూపించింది తనే.

1978లో నేను పెద్దమనిషినయ్యాను. పదకొండు రోజులు అయ్యాక అమ్మ తలకి పోసి, జడ వేస్తూ, చాలా మామూలుగా అంది, "ఇగ ఇయ్యాల్టి సంది గుట్ట మీద జారుడు బందు." ఎందుకని అడిగితే నాయనమ్మ అందుకుంది. ఎగిరి దుంకితే గర్భసంచి జారుతదట, రేపు పిల్లలు పుట్టరట. ఆడపిల్ల లంగా ఎగిరితే ఇంటి పరువూ దాంతోనే ఎగిరిపోతదట.

నాయనమ్మ బడికి పోని మనిషి, ఆమె మాట అలా ఉందంటే అర్థం చేసుకోవచ్చు. కానీ చదువుకున్న వాళ్ళ మాట ఎలా ఉందో కూడా చూడండి. స్కీ మీద నుంచి ఎగిరి దూకే పోటీ మగవాళ్ళకి 1924 నుంచి శీతాకాల ఒలింపిక్స్‌లో ఉంది. ఆడవాళ్ళకి 2014లో సోచిలో గానీ చోటు దొరకలేదు. తొంభై ఏళ్ళు. 2005లో కూడా అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడు ఈ ఆట వైద్యపరంగా ఆడవాళ్ళకి తగినట్టు లేదన్నాడు. నాయనమ్మకీ ఆయనకీ మధ్య ఎన్ని సముద్రాలున్నాయో గానీ, గర్భసంచి గురించిన బెంగ మాత్రం ఒక్కటే.

ఇక్కడొక విషయం జాగ్రత్తగా చెప్పాలి. అమ్మ గుట్టకి పోవద్దనలేదు. జారొద్దని మాత్రమే అంది. ఆ తర్వాత కూడా నేను గుట్టకి పోతూనే ఉన్నాను. కట్టెపుల్లల కోసం పోయాను. సీతాఫలాలు తేవడానికి పోయాను. బతుకమ్మ పండక్కి తంగేడు, గునుగు కోసుకు రావడానికి పోయాను. మేక తప్పిపోతే వెతకడానికి పోయాను. ప్రతిసారీ ఆ బండ పక్క నుంచే పోయాను. తల మీద మోపు ఉంటే ఆడపిల్ల గుట్ట మీద ఎంతసేపున్నా ఎవరూ ఏమీ అనరు. చేతులు ఖాళీగా ఉంటేనే అడుగుతారు, "ఏం పని నీకిక్కడ?" అని. అంటే గుట్ట నాకు పనికి తెరిచే ఉంది. ఆటకి మూసేశారు. నా ఈడు మగపిల్లలు మీసాలొచ్చే దాకా ఆ బండ మీద జారారు.

నా నేస్తానికి ఈ మూత కూడా మా ఇంటి పద్ధతిలో పడలేదు. ఇల్లు గడవాలంటే తను గుట్ట మీదకి పోక తప్పదు. పరువు పేరుతో ఇంట్లో కూర్చోబెట్టే వెసులుబాటు ఆ ఇంటికి లేదు. అయితే తనకి పని చిన్నప్పుడే మొదలై, ఆటని నాలుగు జారుళ్ళకి కుదించింది. నా ఆటని మర్యాద ఆపింది, తన ఆటని కూలి తినేసింది. ఇద్దరం ఆడపిల్లలమే. అయినా ఒక్కలా ఆగిపోలేదు. "మా చిన్నప్పుడు అందరం కలిసి ఆడుకునేవాళ్ళం" అని ఇప్పుడు ఎవరైనా అంటుంటే నాకు ఆ 'అందరం' దగ్గర ఆగబుద్ధవుతుంది.

రెండో మూత నేను ఇంటర్ చదివేటప్పుడు పడింది. పటాన్‌చెరు చుట్టూ 1970ల నుంచి ఫ్యాక్టరీలు లేస్తూ ఉన్నాయి. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. రోడ్లు వెడల్పు కావాలి, షెడ్లు కట్టాలి, నగరం పెరగాలి. అన్నిటికీ కంకర కావాలి. నక్కవాగు నీళ్ళ రంగు మారిన సంగతి అందరికీ కనబడింది, దాని మీద ఉద్యమాలు జరిగాయి, కోర్టు కేసులు నడిచాయి. గుట్టలు తరిగిపోయిన సంగతి అంతగా ఎవరికీ పట్టలేదు. తాగే నీటికి ఉన్న విలువ ఆడుకునే రాయికి ఉండదు కదా. మా గుట్ట మీద క్వారీ మొదలైంది. తూటాలు పెట్టి పేల్చేవాళ్ళు. మధ్యాహ్నం పేలుడుకి మా ఇంట్లో గిన్నెలు కదిలేవి. తర్వాత కంకర మిషను వచ్చింది. ఊరి మీద సన్నటి తెల్ల దుమ్ము పేరుకునేది. పదిహేనేళ్ళలో గుట్ట ఉన్నచోట గొయ్యి మిగిలింది. వానాకాలం అందులో నీళ్ళు నిలిచి పచ్చగా ఉంటాయి.

ఇదంతా ఎవరో బయటివాళ్ళు మాకు చేసిన అన్యాయంగా రాసేస్తే నాకు సులువే. కానీ మా నాయిన ఆ క్వారీలో గుమాస్తాగా చేరాడు. లారీలు ఎన్ని ట్రిప్పులు తిరిగాయో పుస్తకంలో రాసేవాడు. ఉన్న నాలుగెకరాల మెట్టతో ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది. ఆ జీతం వచ్చాకే నన్ను కోఠి ఉమెన్స్ కాలేజీలో చేర్చగలిగాడు. హాస్టల్ ఫీజు, బస్సు పాసు, నేను కొన్న మొదటి స్త్రీవాద పుస్తకం, అన్నీ ఆ కంకర డబ్బులే. జారుడుబండ పిండైపోతుంటే నేను చదువుకున్నాను. జారవద్దని ఎవరూ ఆజ్ఞాపించలేని బతుక్కి చేరుకున్నాను.

అందుకే నన్ను నేను అడుక్కుంటున్న ప్రశ్న ఇది. ఆ గుట్ట పోయిందని బాధపడే హక్కు నాకుందా? నన్ను ముందే వెళ్ళగొట్టిన చోటు అది. తర్వాత నా చదువుకి తన ఒంటిని అమ్ముకున్న చోటు. దాని మీద కన్నీళ్ళు పెట్టుకోవడం నిజాయితీయేనా?

1999లో ఒక పెళ్ళిలో నా నేస్తం కలిసింది. తనకి పద్నాలుగేళ్ళకే పెళ్ళయింది. తర్వాత మొగుడితో కలిసి అదే క్వారీలో పనిచేసింది. మొగుడు దగ్గి దగ్గి పోయాడు. క్షయ అని మందులు మింగించారట. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే సిలికోసిస్‌ని క్షయ అనుకోవడం మామూలేనని నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ రోజు ఇవేవీ తెలియక, ఏదో ఒక మాట కలపాలని, "మన జారుడుబండ పోయింది కదనే" అన్నాను. తను నా వంక కాసేపు చూసింది. "పోకపోతే మేమేం తిందుమే?" అంది. కాసేపాగి మళ్ళీ తనే, "నువ్వు దాని మీద జారినవ్. నేనూ జారిన. తర్వాత దాన్ని నేనే కొట్టిన. గా బొడిపె లేదా, నువ్వు భయపడి ఏడ్చినవ్ చూడు, మొదటి తూటా ఆడనే పెట్టిండ్రు" అంది.

నేను మర్చిపోయిన ఏడుపు తనకి గుర్తుంది. నా బాధ గొంతు దాటి రాకుండా ఆపింది తన మాట. తన దగ్గరున్నంత సమాచారం నా జ్ఞాపకానికి లేదు. ఆ బండని ఒళ్ళంతటితో ఎరిగినది తను, రెండుసార్లు. ఒకసారి ఆటలో, ఒకసారి సుత్తెతో. పోయినదాన్ని తల్చుకుని బెంగ పడటం కూడా ఒక రకం ఆస్తేనేమో. దాన్ని కొనుక్కోగలిగిన వాళ్ళ దగ్గరే ఎక్కువుంటుంది. హైదరాబాదులో 1996లో బండల్ని కాపాడాలని ఒక సొసైటీ ఏర్పడి ఎంతో ఓపికగా పని చేసింది. ఆ పనంటే నాకు గౌరవం. కానీ బండ కావాలన్న మాట పక్కన, బండ కొట్టి బతికిన మనిషి ఊపిరి మాట కూడా ఉండాలి. రెండూ కలిపి చెప్పలేకపోతే మన బాధలో సగమే నిజం.

అలాగని తన మాటతో నా ప్రశ్న తీరిపోలేదు. ఆకలి ముందు ఆట ఎంత అని సర్దుకుంటే మళ్ళీ నాయనమ్మ దగ్గరికే చేరుకుంటాను. స్త్రీల పనికి మనం లెక్కలు కట్టాం. చాలా పోరాడి కట్టాం. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారనీ, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారనీ తేలింది. ఇవి కావలసిన అంకెలే. అయితే మన చేత చేయించిన పనిని లెక్కపెట్టినట్టు, మనం ఆడకుండా పోయిన ఆటని లెక్కపెట్టే పద్ధతి లేదు. జరగనిదాన్ని ఏ సర్వే నమోదు చేస్తుంది?

ఆడని ఆట మాయమైపోదు. అది ఒంట్లో ఉండిపోతుంది. అమెరికన్ తత్వవేత్త ఐరిస్ మారియన్ యంగ్ 1980లో, అమ్మాయిలు బంతి విసిరే తీరు గురించి ఒక వ్యాసం రాసింది. అమ్మాయిలు ఒళ్ళంతా ఉపయోగించి విసరరనీ, చేయి ఒక్కటే కదుపుతారనీ, తమ చుట్టూ ఉన్న చోటుని పూర్తిగా వాడుకోరనీ, ఇది పుట్టుకతో వచ్చేది కాదనీ వివరించింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ వ్యాసాన్ని క్లాసులో పాఠంగా చెప్పాను. అది నా గురించే అని మంచులో రెండు కాళ్ళు ఆనించినప్పుడు గానీ తెలియలేదు. షిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, షిల్పా రానడే 2011లో ముంబై గురించి తెచ్చిన పుస్తకంలో, స్త్రీలకి వీధిలో భద్రత మాత్రమే చాలదు, ఏ పనీ లేకుండా ఊరికే తిరిగే హక్కు కావాలన్నారు. గుట్ట మీద మోపు లేకుండా నిలబడే హక్కు అంటే అదే. ఏ ప్రయోజనమూ లేని సంతోషానికి మనకి అనుమతి దొరకదు. ఆ సంతోషం అడగడానికి మనకే సిగ్గు.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పాలి. 2004లో హైదరాబాదు లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్ తెరిచారు. మా అమ్మాయికి అప్పుడు 12 ఏళ్ళు. టికెట్లు కొని, అద్దె కోట్లు వేసుకుని లోపలికి వెళ్ళాం. కృత్రిమ మంచు మీద జారే చోటు ఉంది. మా అమ్మాయి జారింది, గట్టిగా అరిచింది, మళ్ళీ పరిగెత్తి ఎక్కింది. మూడోసారో నాలుగోసారో పక్కన కొందరు కుర్రాళ్ళు తనని చూసి నవ్వుకోవడం కనబడింది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని, "చాలిక, ఇంత పెద్దదానివి, ఆ అరుపులేంటి" అన్నాను. అది నా గొంతు కాదు, రుద్రారంలో జడ వేస్తూ మాట్లాడిన గొంతు. తర్వాత గంటసేపు తను బల్ల మీద బుద్ధిగా కూర్చుంది. ఇంటికొచ్చి ఆ వారమే నేను ఆడపిల్లల పెంపకం మీద ఒక సభలో మాట్లాడాను. బాగా మాట్లాడానన్నారు.

అమెరికా నుంచి తిరిగొచ్చాక మార్చిలో ఊరికి వెళ్ళాను. అమ్మకి దాదాపు ఎనభై. చూపు తగ్గింది, మాట తగ్గలేదు. మంచు కొండ గురించి చెప్పాను. శ్రద్ధగా విని, "మా తల్లిగారూళ్ళె గూడ జారుడుబండ ఉండె" అంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పని మాట. పదమూడేళ్ళకి పెళ్ళయిందట. పెళ్ళికి రెండు రోజుల ముందు, నలుగు పెట్టిన ఒంటితోనే ఎవరికీ చెప్పకుండా పోయి జారొచ్చిందట. బండ మీద పసుపు మరక పడిందట. వాళ్ళమ్మ వీపు మీద రెండు వేసిందట. చెప్తూ నవ్వుతోంది.

నాకు కోపమే వచ్చింది. "ఇంత తెలిసీ మరి నన్నెందుకు ఆపినవే?" అన్నాను.

అమ్మ వెంటనే చెప్పింది, ఎప్పటి నుంచో సిద్ధంగా పెట్టుకున్నట్టు. "మీ నాయినమ్మ నిన్ను బడి గూడ మాన్పిస్తనన్నది. పెద్దమనిషైన పిల్ల రోడ్డు మీద పోవుడేంది అన్నది. నేనే అన్న, గుట్ట మాన్పిస్త, బడి మాత్రం మాన్పియ్యను అని. ఒక్కటియ్యకుంటె ఇంకొక్కటి మిగల్దు బిడ్డా."

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. డెనిజ్ కాండియోటి 1988లో, పితృస్వామ్యంతో స్త్రీలు ఆడే బేరాల గురించి రాసిన వ్యాసం నాకు దాదాపు కంఠతా వచ్చు. మా వంటింట్లో జరిగిన బేరం మాత్రం నాకు 46 ఏళ్ళు తెలియలేదు. అమ్మని నేను ఆ ఇంటి కావలి మనిషిగానే చూశాను. నా రాతల్లో కూడా అలాగే రాశాను. అమ్మ గుట్టనిచ్చి బడి తీసుకుంది. చేతిలో ఉన్నవి రెండే అయినప్పుడు ఏది వదులుకుంటే ఏది నిలుస్తుందో లెక్క వేసింది. ఆ లెక్క సరైనదేనా అని అడిగితే, ఇది రాయగలగడమే దానికి జవాబు. అయినా నష్టం నష్టమే. బడి దక్కింది కాబట్టి ఆట పోయినా పరవాలేదని నేననను. రెంటిలో ఒకటే ఎంచుకోవాల్సిన స్థితిలో ఆమెని నిలబెట్టిన వాళ్ళు ఆ బేరంతో నిర్దోషులైపోరు.

మరి నేను 2004లో మా అమ్మాయిని దేనికి బదులుగా ఆపాను? ఈ ప్రశ్నే నన్ను పడుకోనివ్వలేదు. తన బడి మాన్పించే నాయనమ్మ మా ఇంట్లో లేదు. నా ఉద్యోగం నాకుంది, నిర్ణయం నాది. నేను ఏమీ కాపాడలేదు. అలవాటుగా ఆపాను. అమ్మ చేసినదీ నేను చేసినదీ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి, మాటలు కూడా దాదాపు అవే. కానీ అమ్మ చేసింది బేరం. నేను చేసింది నకలు. స్వేచ్ఛ లేని చోట ఒక స్త్రీ చేసిన పనిని, స్వేచ్ఛ ఉన్న చోట ఇంకో స్త్రీ మళ్ళీ చేస్తే ఆ రెంటినీ ఒకే కాటా మీద తూచలేం. మన తల్లుల్ని తీర్పు తీర్చడంలో మనం చూపిన చురుకు మన మీదకొచ్చేసరికి ఎందుకు మందగిస్తుందో ఆలోచించాలి. ఈ సంగతి మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. తనకి ఆ రోజు గుర్తుంది. "నువ్వు అరవొద్దన్నావు, జారొద్దనలేదు. నేనే మానేశాను" అంది. ఆ మాట నాకు ఊరట కాదు. మూత ఎలా పడుతుందో అది ఇంకా స్పష్టంగా చెబుతోంది.

ఇంతకీ ఆ గుట్ట కోసం బాధపడే హక్కు నాకుందా? ఉందనే అనుకుంటున్నాను, ఒక షరతు మీద. రెండో మూతని మాత్రమే చెప్పి మొదటిదాన్ని దాచకూడదు. పేలుడుకి ఊరంతా సాక్షి. గొయ్యి ఇప్పటికీ ఉంది, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. జడ వేస్తూ చెప్పిన ఒక్క మాటతో మూసుకుపోయిన గుట్టకి సాక్ష్యం లేదు. అది ఇంటింటా ఒక్కో ఆడపిల్లకి విడివిడిగా, చప్పుడు లేకుండా జరిగింది. ఆ గుట్టని పగలగొట్టి బతికిన నా నేస్తం, దాని మీద వచ్చిన డబ్బుతో చదువుకున్న నేను, దాన్ని ఇచ్చి నా బడి నిలిపిన అమ్మ, ముగ్గురం ఆ జ్ఞాపకంలో ఉండాలి. ఒక్కర్ని తీసేసినా అది అందమైన అబద్ధమే అవుతుంది.

అమెరికాలో ఆ కొండల జాబితా రాస్తున్నవాళ్ళు ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు అని రాసుకుంటారు. మనమూ అలాంటి జాబితా ఒకటి రాసుకుంటే బాగుంటుంది. మీ ఊళ్ళో జారుడుబండ, బావి గట్టు, చింతచెట్టు కొమ్మ, చెరువు. అందులో రెండు తేదీలు ఉండాలి. అది ఊరికి ఎప్పుడు మూతపడింది, మీకు ఎప్పుడు మూతపడింది. ఆ రెండు తేదీల మధ్య ఎన్నేళ్ళున్నాయో చూడండి. నాకు నాలుగైదేళ్ళే. అమ్మది అడిగాను. వాళ్ళ ఊరి బండ ఇంకా ఉందట. ఆమెకి మూతపడి 66 ఏళ్ళు.

బయల్దేరేటప్పుడు, మంచు మీద కాళ్ళు ఆనించి బ్రేకు వేస్తూ దిగానని అమ్మతో చెప్పాను, తను నవ్వుతుందని. అమ్మ నవ్వలేదు. నా మోకాలు మీద చెయ్యి వేసి, పని నేర్పేటప్పటి గొంతుతో అంది, "అట్ల ఆనియ్యొద్దు బిడ్డా. కాళ్ళు ఆనిస్తెనే పడ్తరు. పైకి లేపి పట్టాలె."